రంగు పూయకుండానే డీఎన్‌ఏని పట్టే గాజు తీగ

ఈ కాలమ్ మీ ఫోన్‌కి చేరేలోపు ఎక్కడో ఒకచోట గాజు తీగలో వెలుతురుగా ప్రయాణించే ఉంటుంది. అదే ఆప్టికల్ ఫైబర్. నెట్ మోసే ఆ తీగతోనే రోగాలు తెచ్చే క్రిముల డీఎన్‌ఏని కూడా పట్టుకోవచ్చని ల్యాబుల్లో చేసి చూపించారు.

ముందు మనకు తెలిసిన టెస్టు చూద్దాం. కొవిడ్ టైంలో అందరికీ పరిచయమైన ఆర్‌టీ-పీసీఆర్‌లో వెతికే ముక్కని మళ్లీ మళ్లీ కాపీ చేస్తారు. కాపీలు పెరిగేకొద్దీ ఒక ఫ్లోరసెంట్ రంగు మెరుస్తుంది. ఎన్నో రౌండ్‌లో ఆ మెరుపు తేలిందో చెప్పేదే రిపోర్టులోని సీటీ వేల్యూ. ఆ రంగే 'లేబుల్'. ఫైబర్ సెన్సర్‌కి అది అక్కర్లేదు.

ఎలాగంటారా? ఫైబర్‌లో వెలుతురు లోపలి కోర్‌లోనే పరావర్తనం చెందుతూ పోతుంది. కానీ కొంచెం మాత్రం గోడ దాటి, కొన్ని వందల నానోమీటర్ల మేర బయటికి తొంగి చూస్తుంది. దీని పేరు ఎవనెసెంట్ ఫీల్డ్. మామూలు ఫైబర్ 125 మైక్రాన్ల మందం ఉంటుంది. ఒకచోట పైపొరని ఆసిడ్‌తో కరిగించి సన్నం చేస్తే, ఆ వెలుతురు బయటి ద్రవాన్ని తాకుతుంది.

అక్కడ ఒంటి పోగు డీఎన్‌ఏ ముక్కల్ని అతికిస్తారు. వీటిని ప్రోబ్ అంటారు. డీఎన్‌ఏలో ఏకి టీ, జీకి సీ జోడీ కదా! శాంపిల్‌లో సరిజోడు పోగు ఉంటే వచ్చి అల్లుకుంటుంది. మా కోడర్ల భాషలో ఇది స్ట్రింగ్ మ్యాచ్. అల్లుకోగానే అక్కడి వక్రీభవన గుణకం పిసరంత మారుతుంది. ఫైబర్‌లో గ్రేటింగ్ ఉంటే, దాని తరంగదైర్ఘ్యం కాస్త జరుగుతుంది. ఆ జరుగుడే జవాబు.

చిక్కంతా ఆ 'కాస్త'లోనే ఉంది. 1550 నానోమీటర్ల దగ్గర పనిచేసే బ్రాగ్ గ్రేటింగ్ ఒక్క డిగ్రీ వేడెక్కినా సుమారు 10 పికోమీటర్లు జరుగుతుంది. గది వేడెక్కిందా, డీఎన్‌ఏ దొరికిందా? అందుకే సంబంధంలేని ప్రోబ్ ఉన్న ఇంకో ఫైబర్ పక్కన పెట్టి తేడా తీస్తారు. పైగా రక్తంలోని ప్రొటీన్లు పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి అతుక్కుంటాయి. రంగు లేదు కాబట్టి, అతుక్కున్నది ఎవరో సెన్సర్ గుర్తుపట్టలేదు. డీఎన్‌ఏ మరీ తక్కువుంటే కాపీ చేసే పని కూడా తప్పకపోవచ్చు. టీబీ ఉన్న మనిషిని నెగెటివ్ అని ఇంటికి పంపేస్తే ఇంటిల్లిపాదికీ ముప్పే కదా.

కాబట్టి 'నిమిషాల్లో డీఎన్‌ఏ టెస్టు' అన్న హెడ్‌లైన్ కనిపిస్తే షేర్ కొట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. పరీక్షించింది శుభ్రమైన ద్రావణంలోనా, నిజం రక్తంలోనా? వేడి ప్రభావాన్ని లెక్కలోంచి తీసేశారా? ఒక్క అక్షరం తేడా ఉన్న డీఎన్‌ఏని అది వేరు చేయగలిగిందా? మూడింటికీ జవాబు దొరికితే నిశ్చింతగా ఫార్వర్డ్ చేయండి.