పెట్ట గుడ్డుకు రాకముందే వాయిదా గడువా?

పెరటి కోళ్ళ నిమిత్తం బ్యాంకు ఋణం తీసుకున్న కుటుంబాల నుండి తరచుగా వినవచ్చే ఫిర్యాదు ఒకటి ఉన్నది: “అయిదు నెలలు నిండినవి, పెట్టలు ఇంకా గుడ్డు పెట్టలేదు, పిల్లలే నాసిరకం.” ఆ తరువాత జరిగేది మీకు తెలియనిది కాదు. వాయిదా దగ్గర పడుతుంది, చేతిలో రొక్కం ఉండదు, బాగుగా ఎదిగిన పెట్టలను మాంసపు ధరకు అమ్మివేస్తారు. మరి కొన్ని వారాలు ఆగితే గుడ్ల గంప నింపవలసిన పెట్ట ఆ విధంగా సంతకు వెళ్ళిపోతుంది. ఇందులో తప్పు పెట్టది కాదు, దానికి మనం కట్టిన గడువుది అని నా అభిప్రాయం.

ఈ అయిదు నెలల లెక్క షెడ్లలో పెంచే లెగ్‌హార్న్ సంకర జాతి కోడిది. సమతుల్యమైన దాణా తిని, దీపాల వెలుతురులో పెరిగే ఆ కోడి 18–20 వారాలకే గుడ్డుకు వస్తుంది. మీ పెరటిలో తిరిగేది వేరు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ళ పరిశోధనా సంస్థ రూపొందించిన గ్రామప్రియ సాధారణంగా ఆరవ నెలలో తొలి గుడ్డు పెడుతుంది. దానికంటె బరువైన వనరాజా ఆరు నెలలు నిండే వేళకో, దాటిన తరువాతనో గుడ్డుకు వస్తుంది. నాటు పెట్ట మరింత తాపీ. గింజలు ఏరుకొని, పురుగులు తిని పెరిగే కోడి ఏ జాతిదైనా ఇంకొన్ని వారాలు వెనుకబడడం సహజం. పైగా అయిదు నెలలను ఏ రోజు నుండి లెక్కించాలో ఎవరూ చెప్పరు. పిల్ల గుడ్డు నుండి వెలువడిన తేదీ ఒకటి, అయిదారు వారాలు మదర్ యూనిట్‌లో పెరిగి మీ ఇంటికి చేరిన తేదీ వేరొకటి, ఋణం మంజూరైన తేదీ ఇంకొకటి. బ్యాంకు పుస్తకంలో ఉండేది ఈ చివరిది మాత్రమే.

ఋతువు సంగతి అసలు ఎవరి లెక్కలోకీ రాదు. పెట్ట గుడ్డుకు రావడాన్ని పగటి నిడివి నడిపిస్తుంది. మన ప్రాంతంలో జూన్ మాసంలో పగలు సుమారు 13 గంటలుంటే, డిసెంబరు నాటికి 11 గంటలకు తగ్గుతుంది. తొలకరి నాటి పిల్లలు రోజురోజుకూ తగ్గే వెలుతురులో పెరిగి, సరిగా అతి పొట్టి పగళ్ళ నాటికి ఆరు నెలల వయసుకు చేరుతాయి. అవి సంక్రాంతి దాటేవరకు జాగు చేస్తే ఆశ్చర్యపడనక్కరలేదు. చలికాలపు పిల్లలు పెరిగే వెలుతురులో ఎదిగి త్వరగానే గుడ్డుకు వస్తాయి, కాని అప్పటికి ఎండలు ముదిరి మేత తగ్గుతుంది, పెంకు పలుచనవుతుంది. ఎదిగిన పెట్టలకు తెల్లవారుజామున ఒక బల్బు వెలిగించి, పగటితో కలిపి 14 గంటల వెలుతురు అందేటట్లు చేయవచ్చును. పదిహేను కోళ్ళ గూటికి అది పెద్ద ఖర్చు కాదు. వెలుతురు చాలక ఆగిన పెట్టకు గుడ్ల టానిక్ సీసా అమ్మడం మాత్రం, డీలరు మిత్రులు మన్నించాలి, న్యాయమైన వ్యాపారం కాదు.

మేత విషయంలో రెండు పొరపాట్లు ఎదురెదురుగా నడుస్తున్నవి. వనరాజాకు తిండి ఎక్కువైతే మాంసం, కొవ్వు పడతాయి. ఆరు నెలలకు పెట్ట 2.2 నుండి 2.5 కిలోల మధ్య ఉంటే చాలును. అంతకు మించి క్రొవ్వితే గుడ్లు తగ్గుతాయి, గుడ్డు అడ్డుపడడం, గుడ్డుసంచి బయటికి జారడం వంటి బాధలు వస్తాయి. రెండవది, త్వరగా గుడ్డుకు వస్తుందన్న ఆశతో మూడవ నెలనుండే లేయరు దాణా వేయడం. గ్రోయరు దాణాలో కాల్షియం ఇంచుమించు ఒక శాతం, లేయరు దాణాలో మూడున్నర నుండి నాలుగు శాతం. ఎదిగే పిల్లకు ఆ సున్నం మూత్రపిండాలను చెరుస్తుంది. తొలి గుడ్డు కనిపించే వేళకు ఆల్చిప్పల నూక వేరుగా ఒక మూకుడులో పెట్టండి, పెట్ట తనకు కావలసినంత తానే తింటుంది. ఒక్కొక్క గుడ్డు పెంకుకు సుమారు రెండు గ్రాముల కాల్షియం కావాలి. మొదటి వారాలలో చిన్న గుడ్డో, తోలుగుడ్డో, రెండు సొనల గుడ్డో వస్తే కంగారు పడవద్దు.

పెట్ట నిజంగా గుడ్డు పెట్టడం లేదా అని కూడ విచారించండి. తమ్మె ఎర్రబడి, వీపుపై చేయి వేయగానే పెట్ట నేలకు ఒదిగితే గుడ్డు దగ్గరలో ఉన్నట్లే. అటువంటి పెట్ట గడ్డివాములోనో, కంప చాటుననో దొంగచాటుగా పెడుతుండవచ్చును. మీకంటె ముందు ముంగిస కనిపెడుతుంది. చీకటి మూలన గడ్డి పరచిన గంప ఒకటి పెట్టి, ఉదయం పది గంటల వరకు పెట్టలను విడువకుండ చూడండి. చాలా ఇళ్ళలో ‘గొడ్డు’ పెట్టల రహస్యం అక్కడే తేలుతుంది.

నిజంగా గొడ్డుపోయేవీ ఉన్నవి. పసితనంలో శ్వాసకోశపు అంటువ్యాధి సోకిన పిల్ల పైకి నిక్షేపంగా ఎదిగినా, అండవాహిక చెడిపోయి ఎన్నటికీ గుడ్డు పెట్టకపోవచ్చును. కొక్కెర తెగులు తగిలి బ్రతికిన పెట్టలలో గుడ్లు తగ్గి, వంకర పెంకులు వస్తాయి. తొలి టీకాలు మదర్ యూనిట్‌లోనే పడతాయి. ఎనిమిది తొమ్మిది వారాలకు వేయవలసిన కొక్కెర టీకా మాత్రం పిల్లలు మీ ఇంట ఉండగా వస్తుంది. చెప్పినవారు లేక అది తప్పిపోతున్నది.

బ్యాంకులకు నేను మనవి చేసేది ఇది. పెరటి పెట్టలపై ఇచ్చే ఋణానికి మొదటి వాయిదాను మంజూరు తేదీ నుండి కాక, పిల్లల వయసు ఎనిమిది నెలలు నిండిన నాటి నుండి కట్టించుకోవాలి. విరామం పెరిగితే వడ్డీ పెరుగుతుందని మేనేజర్లు అంటారు. నిజమే, కాని గుడ్డు పెట్టకముందే పెట్ట అమ్ముడుపోతే అసలుకే మోసం. మధ్యకాలపు దాణా, మందుల ఖర్చులకు కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్నది. 2018–19 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన విస్తరణ తరువాత కోళ్ళ పెంపకందారులూ దానికి అర్హులే. ఈ సంగతి శాఖలో అడిగితే గాని చెప్పకపోవడం మంచి ఆచారం కాదు.

పిల్లలను అమ్మే డీలర్లు ప్రతి కొనుగోలుతో ఒక చీటీ ఇవ్వాలి. జాతి పేరు, పిల్ల పుట్టిన తేదీ, పడిన టీకాలు, పడవలసిన టీకా తేదీ, ఇంతే. ఇవ్వకపోతే మీరు అడిగి వ్రాయించుకోండి. దానిని పాసుపుస్తకంలో ఉంచుకొని, వాయిదా తేదీ వ్రాసే వేళ మేనేజరుకు చూపండి.