బయాలజీ వీడియో ఆగాలి, పిలకాయల్ని అడగాలి

పోస్టు కొంచెం పొడుగే. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి.

డిగ్రీ మొదటి ఏడాది బయాలజీ చదివే మన పిలకాయల కోసం తెలుగులో పాఠాలు రికార్డు చేసి యూట్యూబులో పెడదామని కొందరు అంటున్నారు. ఆలోచన మంచిదే. కానీ ఒక మాస్టారిని బోర్డు ముందు నిలబెట్టి, గంటసేపు చెప్పించి, దాన్ని అలాగే ఎక్కించేటట్టయితే ఆ పనికి నేను ఒప్పుకోను. అలాంటి పాఠాలకు ఈ దేశంలో కరువు లేదు. 2003 నుంచి ఎన్‌పీటెల్ ఉంది, 2017 నుంచి స్వయం ఉంది, తమిళంలో 2019 నుంచి కల్వి టీవీ ఉంది. కరోనా రెండేళ్లూ మన పిలకాయలు ఫోన్లో పాఠాలు చూస్తూనే ఉన్నారు. పాఠం నడుస్తూ ఉంటుంది, చూసేవాడు వేరే లోకంలో ఉంటాడు. అర్థం కాలేదని వీడియోకి తెలియదు. ఒక్కోసారి ఆ పిల్లవాడికీ తెలియదు.

మనం చెయ్యాల్సింది ప్రశ్నలడిగే వీడియో. రెండు నిమిషాలు చెప్పి ఆగుతుంది, ఒక ప్రశ్న వేస్తుంది. జవాబు నొక్కితేగానీ ముందుకు కదలదు. తప్పు నొక్కితే ఆ తప్పు ఎందుకు తప్పో చూపించి మళ్లీ అడుగుతుంది. ఇలాంటివి తయారు చెయ్యడానికి హెచ్5పీ అనే సాధనం ఉచితంగానే దొరుకుతుంది. అమెరికాలో హోవర్డ్ హ్యూస్ వైద్య పరిశోధన సంస్థ జీవశాస్త్రంలో ఇటువంటి వీడియోలు చేసి ఊరికే ఇస్తోంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు అవి చాలు. మన పిలకాయలకు చాలవు.

ఇది నా సొంత నమ్మకం మాత్రమే కాదు. 2014లో స్కాట్ ఫ్రీమన్, ఆయన సహచరులు సైన్సు, ఇంజనీరింగు, లెక్కల కోర్సుల మీద వచ్చిన 225 పరిశోధనలను కలిపి చూశారు. ఉపన్యాసం విని ఊరుకునే తరగతుల్లో నూటికి 34 మంది దాకా ఫెయిలయ్యారు. మధ్యమధ్య ప్రశ్నలు, చర్చ ఉన్న తరగతుల్లో ఆ లెక్క 22కి దిగింది. అది వీడియోల గురించి కాదు, తరగతి గది గురించి. కానీ నేర్చుకునే బుర్ర ఒకటే కదా. అదే ఏడాది ఎడెక్స్ కోర్సుల్లో వీడియోలు చూసిన 69 లక్షల సందర్భాలను పరిశీలించినవాళ్లు, వీడియో ఎంత పొడుగున్నా జనం చూపు నిలిచేది సుమారు ఆరు నిమిషాలేనని తేల్చారు. గంట పాఠం వద్దని నేననేది ఇందుకే.

ఇక మన ఊత్తుకోట, పళ్లిపట్టు, తిరుత్తణి పిలకాయల సంగతి. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. 2006 చట్టం వచ్చాక తమిళం తప్పనిసరి అయింది. 2016లో ఆ బ్యాచి పదో తరగతి పరీక్షకు వచ్చినప్పుడు మనవాళ్లు కోర్టుల చుట్టూ ఎలా తిరిగారో అందరికీ గుర్తుంది. ఆ గొడవ మళ్లీ తవ్వడం లేదు. తమిళం మన పిలకాయలకు అన్నం పెట్టే భాష, అది రావాల్సిందే. నేను చెప్పేది వేరే. తెలుగు గడగడా మాట్లాడి, తెలుగు అక్షరం కూడబలుక్కునే పిలకాయలు మన ఇళ్లలో ఎంతోమంది ఉన్నారు. వాళ్ల ముందు తెలుగు అకాడమీ పుస్తకం పెట్టినా లాభం లేదు. చెవికి తెలుగు కావాలి, కంటికి ఇంగ్లీషు మాట కావాలి, పక్కనే ప్లస్ టూలో చదివిన తమిళ మాట ఉండాలి. ఈ మూడూ ఒకేసారి ఇవ్వగలిగేది వీడియోనే.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆస్మోసిస్ అంటారు కాలేజీలో. తమిళంలో సవ్వూడు పరవల్. మన పుస్తకాల్లో ద్రవాభిసరణ. మూడు మాటలూ బట్టీపట్టి, మూడూ ఒకటేనని తెలియని పిలకాయలు ఉన్నారు. వీడియోలో మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి జాడీలో పెడదాం. మూడో రోజుకు ఊట వస్తుంది. అక్కడ ఆపి అడుగుదాం: ఈ నీళ్లు ఎక్కడివి? ఉప్పు కరిగి నీళ్లయిందా, గాలిలో చెమ్మ దిగిందా, ముక్కలో ఉన్న నీళ్లే బయటికొచ్చాయా? మొదటిది నొక్కిన పిల్లకు పొడి పళ్లెంలో ఉప్పు చూపించాలి. అది ఒంటరిగా నీళ్లు కాదు కదా అనాలి. మూడోది నొక్కినా వదలకూడదు. ఎందుకు వచ్చాయి, ఏ పొర దాటి వచ్చాయి అని ఇంకో ప్రశ్న వెయ్యాలి. ఆ తర్వాతే తెర మీద మూడు భాషల మాటలూ పక్కపక్కన పడాలి. అమ్మమ్మ ఊరగాయ జాడీలో ఉన్నదే పరీక్ష పేపర్లో ఉందని అప్పుడు తెలుస్తుంది.

తెలుగులో చెబితే ఇంగ్లీషు పరీక్షలో వెనకబడరా అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే చివరి ప్రశ్న ఎప్పుడూ పరీక్షలో వచ్చే ఇంగ్లీషులోనే ఉండాలి. అర్థం తెలుగులో, జవాబు ఇంగ్లీషులో. అర్థం తెలిసినవాడికి మాట అతికించుకోవడం తేలిక. మాట మాత్రమే తెలిసినవాడికి ప్రశ్న కొంచెం తిప్పి అడిగితే చాలు, చేతులెత్తేస్తాడు.

ఫోను చేతికిస్తే సినిమాలు చూస్తారని ఇంకో మాట. నిజమే, చూస్తారు. కాబట్టి ఒంటరిగా వద్దు. ఆదివారం పూట సంఘం గదిలో పదిమందిని కూర్చోబెట్టి ఒకే తెర మీద చూపిద్దాం. ప్రశ్న దగ్గర ఆపి, చేతులెత్తించి, వాదించుకోనిద్దాం. ఎర్రగడ్డ పొర తీసి మైక్రోస్కోపు కింద చూడడానికి, ఉర్లగడ్డ తొలిచి చక్కెర నీళ్లు పోసి చూడడానికి ఏ వీడియో సాటిరాదు. అది ల్యాబులో జరగాల్సిందే. మాస్టారి బదులు వీడియో అని నేననడం లేదు. మాస్టారిని అడగడానికి నోరు రాని పిల్ల కోసం అడుగుతున్నాను. ఇంట్లో మొట్టమొదట కాలేజీ మెట్టెక్కిన ఆడపిల్ల, మొదటి సెమిస్టరులో రెండు అరియర్లు పడితే, చదువు చాలు సంబంధం చూద్దాం అనే ఇళ్లు మన మధ్యే ఉన్నాయి. ఆ మాటకు ముందే మనం అందుకోవాలి.

యల్లాప్రగడ సుబ్బారావు గారిని మనం గొప్పగా తలుచుకుంటాం. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డులో ఫిస్కేతో కలిసి కణంలో శక్తిని మోసే ఏటీపీని గుర్తించినవారిలో ఆయన ఒకరు. అది మొదటి ఏడాది బయాలజీ పాఠమే. ఆయన మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఫొటోకు దండ వెయ్యడం మంచిదే, ఏటీపీ అంటే ఏమిటో మన పిల్లకు అర్థమయ్యేలా చెయ్యడం అంతకంటే మంచిది.

నా ప్రతిపాదన చిన్నది. ముందు ఐదే పాఠాలు: కణం, ఆస్మోసిస్, ఏటీపీ, కణ విభజన, కిరణజన్య సంయోగక్రియ. ఒక్కోటి ఆరు నిమిషాలు, మూడు ప్రశ్నలు. తయారయ్యాక పెద్దలకు చూపించి చప్పట్లు కొట్టించుకోవద్దు, మొదటి ఏడాది పిలకాయలకు చూపిద్దాం. ఎంతమంది చూశారన్నది కాదు, ఏ తప్పు జవాబు ఎక్కువమంది నొక్కారన్నది రాసుకుందాం. తర్వాతి పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం. ఉపయోగం కనబడకపోతే ఐదుతో ఆపేద్దాం.

బాటనీ, జువాలజీ చదివిన మన అక్కచెల్లెళ్లు, రిటైరైన మాస్టార్లు, గొంతు ఇవ్వగలిగినవాళ్లు కింద పేరు రాయండి. ఒప్పుకోనివాళ్లు ఎందుకో రాయండి. వచ్చే మీటింగులో దీన్ని అజెండాలో పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను.