పొక్కు పెదవి మీద, నింద ఇమ్యూనిటీ మీద

పెదవి అంచున నీటిపొక్కులు లేస్తే మన ఇళ్లలో ఒకప్పుడు ‘వేడి చేసింది’ అనేవారు. కోవిడ్ తర్వాత ‘ఇమ్యూనిటీ పడిపోయింది’ అంటున్నారు. మొదటి మాటకు గ్లాసెడు మజ్జిగతో సరిపోయేది. రెండో మాటకు డబ్బాల కొద్దీ పొడులు అమ్ముడవుతున్నాయి.

ప్రపంచంలో 50 ఏళ్లలోపు వారిలో దాదాపు మూడింట రెండొంతుల మందికి ఈ పొక్కులు తెచ్చే హెర్పిస్ సింప్లెక్స్ టైప్-1 వైరస్ సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో చాలామందికి పొక్కులే రావు. ఇన్ని కోట్ల మందిలో వైరస్‌ను అణచి ఉంచుతున్నది, మనం బలహీనమని తిట్టిపోస్తున్న ఆ నిరోధక వ్యవస్థే.

మరి పొక్కు మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుంది? తొలిసారి సోకినప్పుడు ఇంటర్‌ఫెరాన్లు, టి-కణాలు కలిసి పుండు మాన్పుతాయి. ఆలోగానే వైరస్ నాడుల వెంట పాకి ట్రైజెమినల్ నాడీకణాల్లో నక్కుతుంది. అక్కడ అది ప్రొటీన్లు దాదాపు తయారుచేయదు కనుక పట్టుబడదు. నాడీకణాన్ని చంపితే దాని స్థానంలో మరొకటి పుట్టదు. అందుకే టి-కణాలు అక్కడ చంపడం మాని, కాపలా కాస్తాయి. జ్వరం వచ్చో ఎండ తగిలో వైరస్ మేల్కొన్నా, ఐసీపీ47 అనే దాని ప్రొటీన్ సోకిన కణం ఆనవాళ్లు టి-కణాల కంట పడకుండా అడ్డుపడుతుంది. ఇది వైరస్ జిత్తు, మన నీరసం కాదు.

అవయవ మార్పిడి జరిగినవారిలో, చికిత్స అందని హెచ్ఐవీ రోగుల్లో హెర్పిస్ విజృంభిస్తుంది కదా అంటారు. నిజమే. ఆ లోపాలకు కారణం తెలుసు, వాటిని పొడులు పూడ్చలేవు. మెదడుకు హెర్పిస్ సోకిన కొందరు పిల్లల్లో టీఎల్ఆర్3 జన్యువు దెబ్బతిన్నదని శాస్త్రవేత్త కసనోవా బృందం 2007లో తేల్చింది. ఆ పిల్లలు మిగతా అంటురోగాలను మామూలుగానే తట్టుకున్నారు. నిరోధక శక్తి అంతా ఒకే రాశి అయితే ఇలా జరగదు.

ఇమ్యూనిటీని పెంచితే మేలే అనుకునేవారు కంటి వైద్యుణ్ని అడగాలి. హెర్పిస్ కార్నియా లోపొరకు చేరితే చూపును దెబ్బతీసేది ఎక్కువగా మన నిరోధక కణాల వాపే. అందుకే వైద్యులు యాంటీవైరల్ మందుతో పాటు, ఆ వాపును తగ్గించే స్టెరాయిడ్ చుక్కలూ ఇస్తారు. హెర్పిస్‌కు వాడే ఎసైక్లోవిర్ మందు కూడా ఇమ్యూనిటీని పెంచదు, వైరస్ డీఎన్ఏ తయారీని ఆపుతుంది.

ఇమ్యూనిటీ పెంచుతామనేవారిని నిలదీయండి: ఏ కణాన్ని పెంచుతారు? ఎంత? కంట్లో కూడానా? జవాబు లేని డబ్బాకు డబ్బు దండగ.