బుడమేరు పాతత్రోవ

2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారమునాడు విజయవాడ ఉత్తరభాగమున సింగ్‌నగర్, పాయకాపురము, రాజరాజేశ్వరిపేట మొదలగు పేటలలోనికి నీరు వచ్చెను. గంటలు గడచినకొలది అది పెరిగెనే గాని తరుగలేదు. మేడలు గలవారు పై అంతస్తులకు ఎక్కిరి. లేనివారు పొరుగువారి మేడల నాశ్రయించిరి. బస్సులు తిరుగు వీధులలో పడవలు తిరిగెను. అన్నపు పొట్లములను హెలికాప్టర్లును, డ్రోనులును డాబాలపై దింపెను. కొన్ని పేటలలో వారము దాటినను నీరు తీయలేదు.

ఆ దినములలోనే కృష్ణయు పొంగెను. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజిని దాటిన ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులు. క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు. 1957లో ఆ బ్యారేజి ఏర్పడినది మొదలు అంతటి వరద దానికి రాలేదు. 2009 అక్టోబరునాటి పెద్దవరదయు దీనికి దిగువనే నిలిచినది. అయినను నదియొడ్డున నున్న కృష్ణలంకను వరదగోడ చాలవరకు కాచెను. ఆ ఉత్తరపు పేటలను ముంచినది కృష్ణ కాదు. వేసవిలో మురుగుకాలువవలె కనుపించు బుడమేరు. పెద్దనదికి గోడ కట్టుకొన్న నగరము చిన్నయేటి విషయమున ఏల మోసపోయెనో విచారింపదగియున్నది.

మైలవరము వైపు కొండలలో పుట్టి, విజయవాడ ఉత్తరపు అంచున ప్రవహించి, ఎనికేపాడు వద్ద కాలువల అడుగున సొరంగము గుండ దాటి, తుదకు కొల్లేటిలో కలియుట ఈ యేటి మార్గము. వరదల బెడద తగ్గించుటకై వెలగలేరు వద్ద రెగ్యులేటరు కట్టి, అచ్చటినుండి నీటిని మళ్ళింపుకాలువ ద్వారా బ్యారేజికి ఎగువన కృష్ణలోనికి పంపు ఏర్పాటు చేసిరి. అది తెలివైన పనియే. సామాన్యమైన వానలకు చక్కగా ఉపకరించును. కాని అందులో ఒక షరతు దాగియున్నది. మళ్ళించిన నీటిని పుచ్చుకొనుటకు కృష్ణలో చోటుండవలెను. కృష్ణ నిండుగా పారుచున్నప్పుడు కాలువకును నదికిని నడుమగల వాలు తగ్గును. కాలువనీరు ముందునకు సాగక వెనుకకు ఎగదన్నును. ఒకే వాయుగుండము ఇటు మైలవరపు కొండలపైనను, అటు కృష్ణ దిగువప్రాంతముపైనను కురిసినచో రెండు వరదలును ఒక్కసారిగా వచ్చుట వింత కాదు. 2024లో జరిగినది అదియే. కాలువ ఎడమగట్టుకు మూడుచోట్ల గండ్లు పడెను. వెలగలేరు తలుపులు ఎత్తవలసివచ్చెను. నీరు పాతత్రోవ పట్టెను. సైన్యము తోడ్పడగా సెప్టెంబరు 7 నాటికి గాని ఆ గండ్లు పూడలేదు.

అప్పటికి ఆ పాతత్రోవలో నగరమున్నది. 1951 జనాభా లెక్కలలో విజయవాడ జనసంఖ్య సుమారు 1.61 లక్షలు, 2011 నాటికి పది లక్షలు దాటెను. దక్షిణమున కృష్ణ అడ్డుగా నుండుటచే నగరము ఉత్తరమునకును తూర్పునకును వ్యాపించెను. ఉత్తరపు నేల పల్లము, పల్లమైనందుననే చవుక. ఆటోలు నడపువారు, తాపీపనివారు, ఇండ్లలో పనిచేయువారు, చిన్న జీతగాండ్రు అచ్చట స్థిరపడిరి. ఏరు మళ్ళినదన్న నమ్మకము ఆ నేలకు విలువ తెచ్చినది. మళ్ళింపు వలన వరదలు తరచుగా రాకుండుట నిజమే. అట్లు రాని సంవత్సరములే అపాయమును పెంచినవి. ఏలయన ఏరు పొంగని ప్రతియేటను మరికొన్ని ఇండ్లు లేచెను, పాతపాయ మరికొంత సన్నగిల్లెను. 2005లో బుడమేరు ఒకమారు పొంగి హెచ్చరించెను గూడ. మళ్ళింపుకాలువను నమ్మి పాతపాయను పోగొట్టుకొన్న నగరము తీరు, ఏరు దాటి తెప్ప తగులబెట్టినవాని చందముననే యున్నది.

ఇట్టి విపత్తు వచ్చినపుడెల్ల ఆక్రమణలు అను మాట వినవచ్చును. అందు సత్యము లేకపోలేదు. అయితే ఆ పల్లములోనే ప్రభుత్వము పేదలకు కట్టించియిచ్చిన వాంబే కాలనీయు కలదు. రోడ్డు వేసి, కరెంటు ఇచ్చి, పన్ను వసూలు చేసిన పిమ్మట అచ్చట నివసించుట నివాసుల తప్పనుట న్యాయమనిపించుకొనదు. పాయను వెడల్పు చేయుటకు కొన్ని ఇండ్లను తొలగింపక తప్పదు. ఆ కుటుంబములకు పనిపాటులకు చేరువలో మెరకనేల చూపకున్నచో వారు మరల మరియొక పల్లమునకే చేరుదురు.

వరద పిమ్మట ప్రభుత్వము ఆపరేషన్ బుడమేరు అను పేర ఆక్రమణల తొలగింపును, కాలువల విస్తరణను ప్రకటించెను. గట్లు బలపరచుట అవసరమే. కాలువను ఎంత విస్తరించినను మునుపు చెప్పిన షరతు మాత్రము మారదు. కృష్ణ నిండిననాడు బుడమేటి నీరు ఎచ్చటికి పోవలెను? పాతపాయ తప్ప దానికి వేరు దారి లేదు. ఆ పాయయైనను ఎనికేపాడు సొరంగము మొదలు కొల్లేటివరకు తెరపిగా నుండవలెను. కొల్లేటినీటిని సముద్రమునకు చేర్చునది ఉప్పుటేరు. 2006లో కొల్లేటిలోని చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించెను. తరువాత వానిలో పెక్కు మరల వెలసెను. కొల్లేటిలో లేచిన గట్టునకును, సింగ్‌నగర్‌లో నిలిచిన నీటికిని సంబంధము కలదని నగరపు పటమును మాత్రమే చూచువారికి తోచదు.

ఇక ఉన్న యిండ్ల మాట. క్రొత్తగా కట్టువారు క్రింది అంతస్తును స్తంభములపై విడుచుట, కరెంటు మీటర్లను ఎత్తున అమర్చుట కష్టసాధ్యములు కావు. బడిగోడలపై 2024 నాటి నీటిమట్టమున ఒక గీత గీసి తేదీ వ్రాసియుంచుటకు ఒక డబ్బా రంగు చాలును. ఆ గీతను చూపి ఉపాధ్యాయుడు చెప్పు భూగోళపాఠము విద్యార్థులు మరువరు. వెలగలేరు తలుపులెత్తుటకును, నీరు పేటలకు చేరుటకును నడుమ కొంత వ్యవధి యుండును. ఆ వ్యవధిలో ఏ వీధివారు ఏ మేడకు పోవలెనో, ముసలివారిని, బాలింతలను ఎవరు చేర్చవలెనో వానలకు ముందే నిశ్చయించి, వీధి మొగను అందరికి కనుపించునట్లు వ్రాసియుంచవలసియున్నది.