ఒక్క రొట్టె, పెక్కు పంక్తులు

ఒక్క రొట్టెను విఱిచి అందఱును భుజించుట, ఒక్క పాత్రలోనిది అందఱును త్రాగుట: క్రైస్తవారాధనమునకు నడిబొడ్డున నున్న కార్యమిది. ప్రసంగము ముగియును, పాట ముగియును, జనులు లేచి ప్రభువు బల్ల యొద్దకు వచ్చెదరు. అచ్చట ధనికునకు వేఱు రొట్టె లేదు, అధికారికి వేఱు పాత్ర లేదు. పంక్తిభేదమే ప్రాణముగా బ్రతికిన మన దేశమున నీ యాచారము కాలు పెట్టినపుడు అది యొక మతకర్మగా మాత్రమే రాలేదు. మన సంఘవ్యవస్థను నిలదీయుచు వచ్చినది. ఆ నిలదీత ఇప్పుడు దానిని తెచ్చుకొన్నవారి మీదికే తిరిగియున్నది. ప్రభువు బల్ల యొద్ద ఒక్కటైనవారు బల్ల విడిచి లేచిన పిమ్మట ఒక్కటిగా నున్నారా? ఉన్నారని మేము చెప్పజాలము.

ఇది వారి యింటి సంగతి, మీకేల యని యడుగువారు కలరు. తెలుగుబిడ్డ యే గుడిలో మ్రొక్కినను తెలుగుబిడ్డయే. వాడు తన గుడిలో నేర్చిన కలయికయో వేఱుపాటో గుడి వాకిట విడిచి రాడు; ఊరిబావి యొద్దకును, పంచాయతికిని, పురపాలక సభకును వెంట దెచ్చుకొనును. కనుక నిది మన యింటి సంగతియే.

ముందు తెలుగుదేశపు క్రైస్తవ పటమును చూడుడు. 1805లో లండను మిషనువారు విశాఖపట్టణమున దిగిరి. 1840లో అమెరికా బాప్టిస్టులు నెల్లూరు చేరిరి. మఱుసటి యేడు ఇంగ్లండు చర్చి మిషనరీ సొసైటీవారు బందరునకు వచ్చిరి. 1842లో హేయరను లూథరను పాదిరి గుంటూరున కుదురుకొనెను. కెనడా బాప్టిస్టులు కాకినాడను, వెస్లియను మెథడిస్టులు మెదకును తమ నెలవులు చేసికొనిరి. పోటీ పెరుగకుండుటకై వీరు తమలో తాము పొలిమేరలు గీచికొనిరి. ఆ యేర్పాటు వారి కనుకూలమే. కాని ఫలితమేమైనది? ఒంగోలు రైతుకూలి బాప్టిస్టగుటకును, గుంటూరు రైతుకూలి లూథరనగుటకును, ఏలూరువాడు ఆంగ్లికనగుటకును కారణము వారి వారి మనోనిశ్చయము కాదు, తాలూకా సరిహద్దు! జర్మనీలో పదునాఱవ శతాబ్దమున పుట్టిన తగవు, ఇంగ్లండులో పదునేడవ శతాబ్దమున పుట్టిన తగవు, వీని పేరైన వినని మన పల్లెవాని నెత్తిన బిరుదుగా కట్టబడెను. పైగా బల్లలకు తలుపులు. బాప్టిస్టు బల్లకు నీట ముంచి బాప్తిస్మము పొందనివాడు రారాదు. ఆంగ్లికను బల్లకు బిషప్పు చేత కన్‌ఫర్మేషను పొందనివాడు రారాదు. ఒంగోలునుండి బెజవాడకు కూలికి పోయిన క్రైస్తవుడు, రైలు దిగునప్పటికి తన ప్రభువు భోజనమునకు తానే పరాయివాడయ్యెను. కులము మనలను విడదీసినదని మనకు బోధించుటకు వచ్చినవారు తెచ్చిన కానుక యిది.

ఈ కానుకను త్రిప్పి పంపవలెనని మొదట గట్టిగా పలికినవారు భారతీయులే. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది సమావేశమైరి. వారిలో ఇద్దఱు తప్ప అందఱును మనవారే. ఆ సభకు ప్రాణము దోర్నకలు బిషప్పు వేదనాయకము సామ్యూలు అజరయ్య. తిరునెల్వేలి సీమ తమిళుడై పుట్టి, తెలుగువారి నడుమ తన జీవితమును ధారపోసినవాడు. 1912లో ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన మొదటి భారతీయుడు. అంతకు రెండేండ్ల ముందే, 1910లో, ఎడింబరో మహాసభలో తెల్ల మిషనరీల యెదుట నిలిచి, మీరు మాకు ధనమిచ్చితిరి, సేవ యిచ్చితిరి, చెలిమి మాత్ర మీయలేదని చెప్పిన ధీరుడు. చీలికలు పశ్చిమమున అలవాటు కావచ్చును, ఇచ్చట నవి పాపమని యాయన వాదము. సంప్రదింపులు 28 ఏండ్లు సాగినవి. అజరయ్య 1945 జనవరి 1వ తేదీన కన్నుమూసెను; తాను నాటిన చెట్టు ఫలమును చూడలేదు. 1947 సెప్టెంబరు 27న, మన జెండా యెగిరిన 43 దినములకు, చెన్నపురి సెయింట్ జార్జి కథీడ్రలులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియను కాంగ్రిగేషనలు శాఖల కలయికయైన దక్షిణ ఇండియా ఐక్యసంఘమువారు, ముత్తెఱగులవారును ఒక్కటైరి. సుమారు 10 లక్షల జనులు ఒక్క సంఘమైరి. బిషప్పుల పాలనము గలవారును, బిషప్పులే వలదనువారును ప్రపంచమున నిట్లు కలియుట అదే మొదలు. స్వరాజ్యము వచ్చిన యేట వచ్చిన యీ రెండవ స్వరాజ్యమును మన చరిత్రకారులు తగినంతగా తలంపకుండుట వింతయే.

దొరలకు మాత్రము కంట నలుసు పడెను. ప్రసిద్ధ ఆంగ్లకవి టి. ఎస్. ఎలియటు నాలుగేండ్ల ముందే, 1943లో, ఈ పథకమును ఖండించుచు ఒక చిన్న పుస్తకమునే వ్రాసెను. వినాశనము ద్వారా పునరైక్యమని దానికి పేరు పెట్టెను! 1948లో లాంబెతున గూడిన ఆంగ్లికను బిషప్పులు, ఈ కొత్త సంఘమున అభిషేకము పొందిన గురువులను అంగీకరింతుమా మానుదుమా యని రెండు పక్షములైరి. 1955 వఱకును ఇంగ్లండు సంఘము పరిమితమైన సహభాగిత్వమునకైన ఒప్పుకొనలేదు. వీరి యాక్షేపమంతయు నొక్కటే: బిషప్పు చేత అభిషేకము పొందని మెథడిస్టు గురువును, మరల అభిషేకింపకయే, బల్ల యొద్ద నిలువనిచ్చితిరి గదా! ఈ యాక్షేపమును మనము తేలికగా త్రోసివేయరాదు. గురుపరంపర అపొస్తలులనుండి అవిచ్ఛిన్నముగా రావలెనని నమ్మినవానికి అది ప్రాణసమానమే. సంప్రదాయశుద్ధి యనిన నేమో మన పండితులకును తెలియును. కాని సిద్ధాంతములు కుదిరిన పిమ్మటనే పంక్తి యనువారు కొరింథీ సంఘమునకు పౌలు వ్రాసిన లేఖను మరల చదువవలెను. ఆ పట్టణమున కలవారు ముందుగ వచ్చి కడుపునిండ తినిరి, త్రాగి మత్తిల్లిరి. లేనివారు వచ్చునప్పటికి ఏమియు మిగులలేదు. పౌలు వారినడిగినది గురుపరంపరను గుఱించి కాదు. మీరు తినునది ప్రభువు భోజనమే కాదని ముఖము మీదనే చెప్పెను. తోడివానిని ఆకలితో నిలిపిన బల్ల చెల్లదు. బల్ల చెల్లుబాటునకు పౌలు పెట్టిన యీ పరీక్షను ఎలియటు మఱచెను. మఱచుటకు ఆయనకు వీలుండెను. లండనులో మాలపల్లె లేదు.

కొత్త సంఘము వట్టి కాగితముల మీద కలిసి యూరకుండలేదు. 1950లో తనకొక ఆరాధనక్రమమును కూర్చుకొన్నది. గురువు జనులకు వీపు చూపక బల్లకావల నిలిచి వారి మొగము చూచుచు ఆరాధనము జరుపును. రొట్టె విఱుచుటకు ముందు సమాధానము చేతినుండి చేతికి నడచును. మలయాళపు సిరియను క్రైస్తవులనుండి గ్రహించిన యాచారమిది. ఇచ్చువాడు తన కుడి యఱచేతిని పుచ్చుకొనువాని కుడి యఱచేతికి చేర్చును. ఇద్దఱును తమ యెడమచేతితో ఎదుటివాని కుడిచేతిని కప్పుదురు. గురువునుండి మొదలై వరుసవరుసకు అది గుడియంతయు ప్రాకును. తరువాతి దశాబ్దములలో పశ్చిమదేశపు సంఘములు పెక్కులు ఇట్టి సమాధానచిహ్నమును తమ యారాధనములలో చేర్చుకొనినవి. నేర్పుటకు వచ్చినవారు నేర్చుకొనిరన్నమాట! చేయి సోకినచో స్నానము చేసిన దేశమున, చేతిలో చేయి పెట్టనిదే రొట్టె చేతికి రాదనుట యెంత మాట! మన సంస్కర్తలు సహపంక్తి భోజనములను ఏటికొక మాఱు, పదిమందిని పిలిచి, పత్రికలలో ప్రకటించి నడపిరి. ఇచ్చట నిది సామాన్యమైన వాడుక.

వాడుకయే. అందుకే భయము. వాడుక యైనది గనుకనే దాని పదును చేతికి తెలియుట మానినది.

ఈ జబ్బు కొత్తది కాదు. 1833లో కలకత్తా బిషప్పు డానియలు విల్సను, గుడిలో కూర్చుండుటయందును ప్రభువు బల్ల యొద్దను కులభేదము విడువవలసినదే యని దక్షిణ సంఘములకు ఉత్తరువు వ్రాసెను. తంజావూరు, వేపేరి ప్రాంతములలో పెక్కుమంది విడువలేదు, బల్లనే విడిచిపోయిరి. తిరునెల్వేలి జిల్లా వడక్కన్‌కుళములో కాథలిక్కులు 1872లో కట్టిన గుడికి రెండు భుజములు; ఒక దానిలో వెల్లాళులు, రెండవదానిలో తక్కువవారనబడిన నాడారులు; నడుమ గోడ. పూజచేయు గురువు ఒక్కడే, ఎదుట జనులు రెండు జాతులు! 1910లో ఫాదరు కౌసనెలు ఆ గోడను పడగొట్టించెను. వెల్లాళులు న్యాయస్థానముల కెక్కిరి. మద్రాసు హైకోర్టు వారి కోర్కెను త్రోసివేసినది. గుడిలో గోడ వలదని క్రైస్తవునకు కోర్టు చెప్పవలసి వచ్చుట కంటె సిగ్గేమున్నది?

తెలుగుదేశమున ఇటువంటి యిటుకగోడ లేదని మురియవలదు. ఇచ్చటి గోడకు ఇటుక లేదు. కడప సీమలో లండను మిషను మాలలలో వ్యాపించినది. ఒంగోలున క్లౌ దొర బాప్టిస్టు మిషను మాదిగలలో వ్యాపించి, 1878 జూలై 3న ఒక్కనాడే గుండ్లకమ్మ నీట 2,222 మంది బాప్తిస్మము పొందిరి. అట్లు మతశాఖయు కులమును ఒకదాని కొకటి పీట వేసికొన్నవి. రెండు పేటలవారు ఒక శాఖ క్రిందికే వచ్చినచోట అజరయ్య ఇరువురను ఒక్క బల్ల యొద్దకు తెచ్చుటకు పాటుపడెను. నేడు ఆ బల్ల యొద్ద మోకరించి లేచిన చేతులే, బిషప్పు ఎన్నిక వచ్చునప్పటికి పేటలవారీగా వోట్లు లెక్కించుచున్నవి. ఓడినవారు ఆస్తిపత్రములు చంకబెట్టుకొని కోర్టు వాకిట నిలిచెదరు. పెండ్లి మాటకు ముందు ఏ శాఖ యని యడుగరు, ఏ పేట యని యడుగుదురు. ఆదివారము సమాధానమిచ్చిన యఱచేయి సోమవారము పిడికిలి యగును.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు షెడ్యూల్డు కులముల పట్టికనుండి క్రైస్తవులను వెలుపల నుంచినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను లోనికి చేర్చిరి, క్రైస్తవులను చేర్చలేదు. ఇది యన్యాయమని మా యభిప్రాయము. మతము మార్చుకొన్నంతనే మాలపల్లె ఊరి నడుమకు నడచి రాలేదు గదా. సంఘపెద్దలు ఢిల్లీకి పోయి, మా వారిలో కులబాధ తొలగలేదు, మాకును రక్షణ కావలెనని మొఱపెట్టుచున్నారు; పెట్టవలసినదే. కాని అయ్యలారా, ఆ యర్జీలో మీరు వ్రాసిన వాక్యము మీ బల్ల మీద మీరే యిచ్చిన సాక్ష్యము కూడ. ప్రభుత్వమును మార్చుటకు పార్లమెంటు కావలెను. మీ సంఘపు కమిటీని మార్చుటకు ఎవరి యనుమతి కావలెను?

ఇంకొక చిన్న సంగతి. పెక్కు గుళ్లలో ఉమ్మడి పాత్ర పోయి తలకొక చిట్టిగిన్నె వచ్చినది. 1890ల దశకమున అమెరికాలో సూక్ష్మక్రిముల భయము చేత పుట్టిన పద్ధతి యిది. 2020 నాటి కోవిడు దీనికి మఱింత బలమిచ్చినది. ఆరోగ్యశాస్త్రముతో మాకు తగవు లేదు. రోగభయమున్నచో గిన్నెలు వాడుకొనుడు. అయితే టీ దుకాణములలో రెండు గ్లాసుల పద్ధతి నెఱిగిన దేశమిది. వేఱుగిన్నె యనిన మనకు క్రిమి కంటె ముందు మఱియొకటి జ్ఞప్తికి వచ్చును. గిన్నెలు వేఱైనచోట చేతులైన కలియుచున్నవో లేదో సంఘపెద్దలు చూచుకొనవలెను. సమాధానమిచ్చుటను దూరమునుండి నమస్కారముగా మార్చి, వ్యాధి పోయిన పిమ్మటను దానినే పట్టుకొని వ్రేలాడు గుళ్లున్నచో, వారికి వ్యాధి యొక సాకు దొరికినదనుకొందుము.

ఇక వెలుపల నున్నవారి మాట. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెక్కుమంది 1947లో చేరక కలకత్తా పాలన క్రిందనే యుండిపోయిరి. 1963లో అది వేఱు డయోసీసైనది. 1970ల దశకమున గాని ఆ డయోసీసు దక్షిణ ఇండియా సంఘమున కలియలేదు. వారు వచ్చిరి, గుంటూరు లూథరనులును నెల్లూరు, ఒంగోలు బాప్టిస్టులును రాలేదు. లూథరనులతో 1948 నుండి దశాబ్దములపాటు చర్చలు జరిగినవి. ప్రభువు భోజనమును గుఱించి ఏకాభిప్రాయ ప్రకటనలు వెలువడినవి. ఉమ్మడి సంఘమునకు నిబంధనావళి ముసాయిదా కూడ సిద్ధమైనది. సిద్ధమై బీరువాలో చేరినది! సిద్ధాంతము కుదిరినను పంక్తి కుదరలేదనిన, అడ్డము సిద్ధాంతము కాదని పసిబాలునకైన తెలియును. అడ్డము పదవులు, ఆస్తులు, విదేశపు సంబంధములు.

1964లో రాజమహేంద్రవరమున స్థాపింపబడి పిమ్మట హైదరాబాదునకు తరలిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో లూథరను, బాప్టిస్టు, మెథడిస్టు, దక్షిణ ఇండియా సంఘముల పిల్లవాండ్రు ఒక్క గదిలో చదువుకొనిరి, ఒక్క అన్నపుశాలలో తినిరి. పట్టము చేతబట్టుకొని యిల్లు చేరిన పిమ్మట వారే యొకరి బల్లకొకరు అతిథులైరి. అన్నము కలిసి తినవచ్చును గాని ప్రభువు రొట్టె కలిసి తినరాదనుట యే వేదాంతము? బాప్టిస్టులకు శిశుబాప్తిస్మముతో పేచీ యున్నది, ఉండనిండు. నీటిని గుఱించి వాదించుకొనుచునే రొట్టె పంచుకొనుట యసాధ్యము కాదు. బాప్తిస్మ విషయమున భేదించుచునే ఒకే సంఘముగా నుండవచ్చునని 1970లో నాగపురమున కూడిన ఉత్తర ఇండియా సంఘము నిశ్చయించుకొన్నది. అందు బాప్టిస్టులును చేరిరి. ఉత్తరమున సాధ్యమైనది గుండ్లకమ్మ యొడ్డున నేల సాధ్యము కాదు?

మా కోరిక పెద్దది కాదు. మూడు సంఘముల పెద్దలును రాబోవు మహాసభలలో ఒక్క తీర్మానము చేయుదురు గాక: తెలుగుదేశమున ఏ సంఘమునకు చెందిన బాప్తిస్మము పొందిన క్రైస్తవుడైనను మా బల్లకు రావచ్చును, ఏ పేటవాడని గాని ఏ శాఖవాడని గాని మా సంఘములలో ఎవ్వరును అడుగరాదు, అడిగినవానికి సంఘమున పదవి లేదు. ఆస్తులు వేఱుగా నుండనిండు, బిషప్పులు వేఱుగా నుండనిండు, ఆ లెక్కలు పిమ్మట చూచుకొందురు. ఈ తీర్మానమునకు పైకమక్కఱలేదు, విదేశపు అనుమతి యక్కఱలేదు. దీనికి అడ్డు చెప్పువారు లేచి నిలిచి తమ కారణమును సభలో అందఱు వినునట్లు చెప్పవలెను. ఆ కారణమును ప్రకటించుటకు మా పత్రికలో చోటున్నది.