పెరటి దోవన వచ్చిన వరద

బెజవాడలో పుట్టిపెరిగినవాళ్ళకు వరద అంటే కృష్ణ. వానాకాలంలో బారేజీ మీద నిలబడి, ఎన్ని లక్షల క్యూసెక్కులు వదిలారో పక్కవాణ్ణి అడిగి, అతను చెప్పిన అంకెకు ఇంకో లక్ష కలిపి ఇంటికి వచ్చి చెప్పడం మావాళ్ళకు సరదా. కృష్ణమ్మ పొంగి దుర్గమ్మ ముక్కెరను తాకుతుందన్న మాట మా చిన్నప్పుడు ఎంతమంది నోట విన్నానో! బుడమేరు పేరు మాత్రం అంతగా ఎవరూ ఎత్తేవారు కారు. అది నది కాదు, ఏరు. ఎండాకాలం చూస్తే ఏరు అనడానికి కూడా నోరు రాదు. అయినా తెలిసినవాళ్ళు దాన్ని బెజవాడ దుఃఖదాయని అంటారు.

2024 ఆగస్టు నెలాఖరున పోలాల అమావాస్యకని పుట్టింటికి వెళ్ళాను. మా అమ్మ వుండేది సింగ్‌నగర్లో, రైలు కట్టకు అవతల. కృష్ణ ఎక్కడ, మేమెక్కడ! కింద వాటాలో అమ్మ, మేడమీద అద్దెకున్న చిన్న సంసారం: మొగుడూ పెళ్ళాం, తొమ్మిది నెలల పిల్ల. ఆ అమ్మాయి మీద అమ్మకు ఒకటే ఫిర్యాదు. మోటారు వేసి మరిచిపోతుందిట, టాంకు పొర్లి నీళ్ళు గోడ వెంట కారతాయిట. 31వ తేదీ శనివారం పొద్దుటినుంచీ కుండపోత. ఆ రాత్రి కూడా టాంకు పొర్లింది. "పైన వానా, కింద వానా! అమ్మాయ్, కట్టెయ్యవే!" అని అమ్మ మెట్ల దగ్గర నుంచుని కేకలేసింది.

తెల్లవారి ఆదివారం. వరద వీధిలోంచి రాలేదు. స్నానాలగది తూములోంచి బుడబుడమంటూ పైకి తన్నుకొచ్చింది. మురుగు ఎదురు తన్నిందనుకుని గోనెపట్టా కుక్కాము. కాస్సేపటికి పట్టా తేలింది, ఆ తర్వాత వీధిగుమ్మమూ నిండింది. వంటింట్లో సిలిండరు పక్కకు ఒరిగి తెప్పలా తేలడం కళ్ళారా చూశాను. అమ్మను రెక్క పట్టుకుని మేడ ఎక్కించాను. ఆవిడ మోకాళ్ళకు ఆ పదిహేడు మెట్లూ ఎక్కడం ఏడాది తర్వాత అదే మొదలు. ఒక చేత్తో ఆవకాయ జాడీ, రెండో చేత్తో పూజకు తెచ్చిన కందమొక్క. ఇన్సులిన్ సీసా నేను పట్టుకున్నాను. మిగతా సంసారమంతా కిందే వుండిపోయింది.

నీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయో చెప్పాలి. మైలవరం వైపు కొండల్లో కురిసిన వాన బుడమేరులోకి దిగుతుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, అక్కణ్ణించి కాలవ తవ్వి, ఆ నీటిని బారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు చేశారు. మిగిలిన నీరు పాతదారిన, ఊరికి ఉత్తరంగా పారి కొల్లేటికి పోవాలి. కృష్ణ తక్కువగా వున్నప్పుడు ఈ లెక్క చక్కగానే వుంటుంది. కృష్ణే నిండుగా వస్తే కాలవ నీళ్ళు అందులోకి దిగవు, వెనక్కి ఎగదన్నుతాయి. ఆసారి రెండూ ఒక్కసారే వచ్చాయి. కాలవ కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. పాతదారిన పోదామంటే ఆ దారిపొడుగునా ఇళ్ళు, వీధులు, మేము! 2005లోనూ ఇలాగే వచ్చింది. సోమవారం బారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. బారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ వదల్లేదు. ఊరంతా ఆ అంకె చెప్పుకుంటూ వుంటే, మా వెనకవైపు జనం మేడలమీదా డాబాలమీదా నిలబడి వున్నారు.

కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే గాని గుక్కెడు తాగడానికి పనికిరావు. మమ్మల్ని కాచింది శనివారం రాత్రి పొర్లిన ఆ టాంకు. ఇంకాస్త ముందుగా మోటారు కట్టించి వుంటే ఎన్ని చెంబులు తగ్గేవో అమ్మ లెక్క వెయ్యలేదు, నేనూ అడగలేదు. నీళ్ళు మరగబెట్టి చల్లార్చి, ముందు పిల్లకు పాలపొడి కలపడానికి తీసి, మిగిలినవి మేము పంచుకున్నాము. ఇన్సులిన్ సీసాను ముంతలో పెట్టి తడిగుడ్డ చుట్టాను.

సోమవారం అమావాస్య. పసుపూ బియ్యమూ పైవాటాలో దొరికాయి. గారెలూ లేవు, బూరెలూ లేవు. కందమొక్కకు పసుపుతోరం కట్టి, ఇంకొక తోరం ఆ పసిదాని చేతికి కట్టింది అమ్మ. ఆ మధ్యాహ్నమే పడవ వచ్చింది. అప్పటికే నిండుగా వుంది. ఇద్దరికే చోటన్నారు.

పిల్లతల్లి కదలనంది. మొగుడు శనివారం రాత్రి డ్యూటీకి వెళ్ళి ఏమయ్యాడో తెలియదు. "మామ్మగారూ, మీకు మందు అయిపోతుంది, మీరూ అక్కయ్యగారూ వెళ్ళండి" అంటుంది. నా మనసులో మాట చెప్పనా? అమ్మను ఎక్కిస్తే బాగుండునని నాకూ వుంది. సీసాలో మూడు పూటలకే మందు వుందని నాకు తెలుసు. పడవవాళ్ళు త్వరగా తేల్చమంటున్నారు.

"డెబ్భై ఆరేళ్ళు మందు మింగీ, పొడిపించుకునీ బతికాను. పిల్లకి పాలపొడి ఎన్ని చెంచాలుందో చూసుకున్నావా? ఎక్కు!" అంది అమ్మ. మోటారు కట్టెయ్యమన్న గొంతే అది. అమ్మాయి ఎక్కింది. పసిదాన్ని పిట్టగోడ మీదనుంచి నేనే అందించాను. చెయ్యి వదిలాక చాలాసేపు నా చేతులు వణికాయి.

ఆ రాత్రి అమ్మకు అన్నం తగ్గించి పెట్టాను, మందు మాత్రం తగ్గించలేదు. మంగళవారం తెల్లవారుజామున ఆఖరి పూట మందు వేశాను. పదిన్నరకు మరో పడవ వచ్చింది. సింగ్‌నగర్ ఫ్లైఓవరు దగ్గర దిగేసరికి పైవాటా అబ్బాయి ఎదురొచ్చాడు. ఆదివారం నుంచీ అక్కడే నిలబడి, వచ్చిన ప్రతి పడవలోకీ తొంగి చూశాడట. భార్యాపిల్లలు దొరికాక కూడా మాకోసం మళ్ళీ వచ్చాడు. అమ్మను పడవలోంచి ఎత్తి దింపింది అతనే. మందులషాపు వెతికి సీసా తెచ్చిందీ అతనే.

7వ తేదీ వినాయకచవితి. ఆ రోజుకి గండ్లు పూడ్చారు. నీరు తీసేశాక ఫైరింజన్లు వచ్చి ఇళ్ళు కడిగాయి. మా కింద వాటాలో తలుపులు ఉబ్బి మూతపడక వడ్రంగిచేత చిత్రిక పట్టించాము. నానిన పరుపులూ పుస్తకాలూ అందరివీ వీధిలోనే. నాన్న రాసిపెట్టిన జమాఖర్చు పుస్తకాలు కూడా అందులోనే పోయాయి. అమ్మ వాటికోసం మాత్రమే ఏడ్చింది.

నా దగ్గరకు హైదరాబాదు వచ్చెయ్యమన్నాను. రానంది. బీరువా పైవాటాలో పెట్టించింది. వాన పట్టిందంటే ఫోనులో కృష్ణ సంగతి ఎత్తదు, వెలగలేరు దగ్గర ఎంత నీరుందో చెబుతుంది. మాట మధ్యలో నన్ను ఆపి మెట్లవైపు తిరిగి కేకేస్తుంది: "అమ్మాయ్, టాంకు నింపావా?"