పావు చుట్టు ఎవరి కొలత?

నేను పుట్టింది హిందూపురం, చదివింది పెనుకొండ, నాకు పిల్లనిచ్చింది ధర్మవరం. ఉంటున్నది మాత్రం టెక్సాస్. వారమంతా కోడు, శనివారం రైఫిల్ రేంజి. పేల్చిన తూటాల ఇత్తడి కేసుల్ని పారెయ్యకుండా మళ్ళీ నింపుకోవడం నాకో పిచ్చి. సొంత వాడకానికైతే ఇక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఉంది, ఊళ్ళో ఎవరూ ప్రయత్నించకండి బాబూ!

విషయానికొస్తే, పేల్చినప్పుడు కేసు ఉబ్బి మన రైఫిల్ ఛాంబరు ఆకారానికి వస్తుంది. దాన్ని సైజింగ్ డైలో నొక్కి మళ్ళీ దారికి తెచ్చుకోవాలి. డైతో వచ్చే కాగితంలో మామూలుగా ఉండే మాట: షెల్ హోల్డరుకు తగిలేదాకా డై బిగించి, ఆపైన ఇంకో పావు చుట్టు తిప్పండి. నేనూ బుద్ధిగా అట్లే చేశా. నాలుగైదు సార్లు నింపాక ఒక 308 కేసు రెండు ముక్కలైంది! అడుగు ముక్క బయటికొచ్చింది, మిగతాది ఛాంబరులోనే ఇరుక్కుంది. కళ్ళద్దాలు పెట్టుకున్నా కాబట్టి ధైర్యంగా ఇది రాస్తున్నా.

కారణం చిన్నదే. డై కేసు భుజాన్ని మరీ వెనక్కి నెట్టేస్తే ఛాంబరులో ఖాళీ మిగులుతుంది. పేలినప్పుడు కేసు ముందు భాగం ఛాంబరు గోడల్ని పట్టేసుకుంటుంది, అడుగేమో వెనక్కి సాగుతుంది. ప్రతిసారీ అదే చోట పలచబడి, చివరికి తెగుతుంది.

లెక్క చూడండి. డై మరలు అంగుళానికి 14. అంగుళంలో వెయ్యో వంతును థౌ అంటారు. పావు చుట్టు అంటే దాదాపు 18 థౌ. అందులో చాలావరకు ప్రెస్సు వదులే తినేస్తుంది, నిజమే. కానీ ఎంత మిగిలిందో కొలవందే తెలీదు. బోల్టు రైఫిల్‌కు కావలసింది 1, 2 థౌ మాత్రమే. గడియారం ముల్లు రెండు నిమిషాలు కూడా కదలనంత!

అందుకే ఇప్పుడు పేల్చిన కేసు ప్రైమరు తీసేసి, అడుగు నుంచి భుజం దాకా గేజీతో కొలుస్తా. డైని పైన మొదలుపెట్టి, కొంచెం కొంచెం దించుతూ, భుజం 2 థౌ తగ్గగానే బిగించేస్తా.

కాగితం రాసినవాణ్ణి తిట్టను. ఏ రైఫిల్‌లోనైనా పట్టాలి కదా, రెడీమేడ్ చొక్కా లాగా. నా రైఫిల్ ఆయనెప్పుడు చూశాడు?

ధర్మవరంలో మా మామ మగ్గానికి కొత్త పడుగు ఎక్కించినప్పుడల్లా జానెడు నేసి, తడిమి చూసి, మళ్ళీ సవరించుకుంటాడు. "నిన్న సరిగ్గానే ఉండె కదా మామా" అంటే "అది నిన్నటి పడుగప్పా" అంటాడు.

మన సాఫ్ట్‌వేరోళ్ళకు డిఫాల్టు సెట్టింగుల మీద నమ్మకం ఎక్కువ. కోడు పాడైతే మళ్ళీ నడుపుకోవచ్చు. ఇక్కడ పోయేది కన్ను. డై కొనేవాళ్ళు ఆ గేజీ కూడా కొనుక్కోండి. ఏమంటారు?